నేను ప్రింటు తీయని మూడో పేజీ

సూర్యాపేటలో ఒకే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేసి, 2014లో దానికి తాళం పడిన రోజునే నేనూ రిటైరయ్యాను. మొదటి సగం టైపు మిషన్ల మీద గడిచింది, రెండో సగం కంప్యూటర్ల మీద. మీలో చాలామంది టైపు మిషన్ చప్పుడు విని ఉండరు. మేడ మీద హాల్లో పన్నెండు మిషన్లు ఒకేసారి మోగుతుంటే కింద రోడ్డు మీద బస్సు హారన్ కూడా మాకు వినిపించేది కాదు. ఆ చప్పుడులోనే నేను పెళ్లి చేసుకున్నాను, ఇద్దరు పిల్లల్ని పెంచుకున్నాను.

2001లో మా ఓనరు పదకొండు మిషన్లు అమ్మేసి నాలుగు కంప్యూటర్లు తెచ్చి పెట్టాడు. "మేడం, మీకు కంప్యూటర్ వస్తదా?" అని అడిగాడు. "వస్తది సార్" అన్నాను. అప్పటికి నేను కంప్యూటర్‌ను బ్యాంకులో కౌంటర్ అవతల నిలబడి చూశాను, అంతే. రాదంటే ఉద్యోగం పోతుందని భయం. తర్వాత రెండు నెలలు మధ్యాహ్నం పూట హాలు ఖాళీగా ఉన్నప్పుడు, గైడు పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కదాన్నే తంటాలు పడ్డాను. మౌసు జరుపుతూ జరుపుతూ బల్ల అంచు దాకా వచ్చేది. ఇంకెటు జరపాలో తెలియక బల్ల మీద పుస్తకాలన్నీ తీసి కింద పెట్టి జాగా చేసుకునేదాన్ని. మౌసును ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోవచ్చని తెలియడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఇదంతా తెలిసి కూడా నవ్వకుండా ఊరుకున్నవాడు మా షార్ట్‌హ్యాండ్ సారు ఒక్కడే. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నాకు టైపు నేర్పింది ఆయనే. అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. కంప్యూటర్లు వచ్చాక కూడా ఆయన వాటి జోలికి రాలేదు. మిగిలిన ఒక్క టైపు మిషన్‌ను కిటికీ దగ్గరికి జరుపుకుని, కోర్టు పిటిషన్లు, దరఖాస్తులు కొట్టి ఇచ్చేవాడు. "గా డబ్బా నన్ను చూస్తది చెల్లె, నేను దాన్ని చూడ. మా ఇద్దరికీ గట్లనే బాగుంది" అనేవాడు.

నేను చెప్పబోయేది 2006 నాటి సంగతి. ఆ వానాకాలం మొదట్లో మా ఊరి డాక్టరుగారు ఒకాయన మెట్లెక్కి ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాడు. పుట్టింది మిర్యాలగూడలో. హైదరాబాద్‌లో ఒక మెడికల్ కాలేజీలో కొన్నేళ్లు పాఠాలు చెప్పి, తర్వాత సూర్యాపేటలో దవాఖాన పెట్టుకున్నాడు. కుర్చీలో కూర్చోకుండానే విషయంలోకి వచ్చాడు.

"మేడం, మన దిక్కు పిల్లలకు మెడిసిన్ సీట్లు మంచిగనే వస్తున్నయ్. కని ఆడికి పోయినంక లైబ్రరీల కంప్యూటర్ ముందట కూసోమంటే చెమటలు పడ్తున్నయ్. సిటీ పిల్లలు టకటక కొడ్తుంటే మనోళ్లు వెనక నిలబడి నోట్సు రాసుకుంటున్నరు. నేను కండ్లార చూసిన. క్లాసులు షురూ అయ్యేలోపల ఓ నెల రోజులు మీరు నేర్పుతరా?"

ఆ ఏడు సీటు వచ్చిన తొమ్మిదిమంది పేర్లు ఆయన అప్పటికే సేకరించాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, వాటి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. ముందుగా ఎవరికి ఎంత వచ్చో తెలియాలని ఒక చిన్న ఫారం తయారుచేసి అందరికీ పంపాం. కంప్యూటర్ వాడటం వచ్చా, టైపు వచ్చా, ఈమెయిల్ పంపడం వచ్చా, ఇంటర్నెట్‌లో కావలసింది వెతకడం వచ్చా అని నాలుగు ప్రశ్నలు. ఇవన్నీ వచ్చినవాళ్లు క్లాసుకు రాకపోయినా ఫర్వాలేదు, రానివాళ్లు మాత్రం తప్పకుండా హాజరు కావాలని కింద రాశాం.

ఎనిమిదిమంది నాలుగింటికీ 'వచ్చు' అని రాసి పంపారు. ఒక్క అమ్మాయి నాలుగుసార్లూ 'రాదు' అని రాసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

సోమవారం ఉదయం ఏడు గంటలకు క్లాసు. నేను ఆరూ ముప్పావుకి వెళ్తే ఆ అమ్మాయి అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉంది. పెన్‌పహాడ్ దగ్గర ఊరు. ఇంట్లో గొర్లమంద, కొంచెం వరి పొలం. గురుకులంలో చదువుకుంది. మొదటిసారి ర్యాంకు రాకపోతే ఇంకో ఏడాది కూర్చుని మళ్లీ రాసి సీటు తెచ్చుకుంది.

"మిగిలినోళ్లు రాలేదా మేడం?"

"వాళ్లకు కంప్యూటర్ వచ్చటమ్మా."

"నాకైతే స్విచ్ ఏడుంటదో గూడ తెల్వది మేడం" అంది. ఆ మాట చెప్పడంలో సిగ్గు లేదు, బెరుకు లేదు. ఈ ఊరికి కొత్త, బస్టాండు ఎటు అని అడిగినట్టు చెప్పింది. ఐదేళ్ల క్రితం మా ఓనరుతో నేనన్న 'వస్తది సార్' చెవిలో మోగి, నేను తల దించుకుని తాళం తీశాను.

స్విచ్ దగ్గర్నుంచే మొదలుపెట్టాం. ప్రతిదీ నోటుబుక్కులో రాసుకునేది. మౌసు పట్టుకున్న వేళ్లు మొదట్లో బిగుసుకుపోయేవి. కిటికీ దగ్గర్నుంచి సారు ఒక కన్నేసి ఉంచి, "మణికట్టు లేపి కొట్టు బిడ్డా, బల్ల మీద పడుకోవెట్టకు" అనేవాడు. ఆమె కాలేజీ గడప తొక్కకముందే ఆయన ఆమెను డాక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు.

నాలుగో రోజు మిర్యాలగూడ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. రైస్ మిల్లు వాళ్ల కొడుకు. చేతిలో సెల్‌ఫోన్ ఉంది, అది ఆ రోజుల్లో గొప్పే. "ఊకెనే వచ్చిన మేడం, సూర్యాపేటల పనుండె. మా మిల్లు ఆఫీసుల కంప్యూటర్ ఉంది, నాకు వచ్చు" అని చివరి కుర్చీలో కూర్చున్నాడు. మర్నాడు కూడా సూర్యాపేటలో పని పడింది. ఆ మర్నాడు కూడా. వారం తిరిగేసరికి కోదాడ బస్సులో ముగ్గురు దిగారు. అందులో ఒక అమ్మాయి నా చెవిలో, "మా ఇంటర్ కాలేజీలో ల్యాబ్ ఉండేదండి. ఎవరైనా ఇన్‌స్పెక్షన్‌కి వస్తే చూపించడానికే. తాళం మా ప్రిన్సిపాల్ గారి దగ్గరుండేది" అని చెప్పింది. పది రోజులకు తొమ్మిదిమందీ వచ్చేశారు. నాలుగు కంప్యూటర్లు, తొమ్మిది కుర్చీలు. ఎందుకొచ్చారని నేను ఎవర్నీ అడగలేదు.

వాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. రెండేళ్లు, మూడేళ్లు హాస్టళ్లలో పుస్తకాల మధ్య బతికిన పిల్లలు వాళ్లు. బయటి ప్రపంచం తెలియదని అనుకునేదాన్ని. కానీ ఒకసారి చూపిస్తే రెండోసారి చూపించే పని ఉండేది కాదు. నేను రెండు నెలలు కుస్తీ పట్టిన పనిని వాళ్లు నాలుగు రోజుల్లో చేసి, ఇంకోటి చెప్పండి మేడం అని మొహంలోకి చూసేవారు. మొదటి ఈమెయిల్ పక్క కుర్చీలో ఉన్నవాళ్లకే పంపుకున్నారు. అది చేరినప్పుడు ఆ హాల్లో పడ్డ కేక కింద బట్టల కొట్టు వాళ్లకు కూడా వినిపించింది. చదువులో అంత తెలివైనవాళ్లకు పాఠం చెప్పే అవకాశం నాకు అంతకుముందు రాలేదు. లోపల గర్వపడేదాన్ని.

ఆ గర్వంలోనే ఒక పని చేశాను.

షార్ట్‌హ్యాండ్ సారుకు ఎనిమిదేళ్లుగా షుగర్. ఈ పిల్లల బ్యాచ్ మొదలవడానికి వారం ముందు ఆయన నా టేబుల్ దగ్గరికొచ్చి, "గోలీలు మింగి మింగి యాష్టకొచ్చింది చెల్లె. నీ ఇంటర్నెట్ల ఏమన్న ఉందేమో సూడరాదు" అన్నాడు. కంప్యూటర్ మొహం చూడనన్న మనిషి తనంతట తాను అడిగేసరికి నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. వెతికాను. ఒక పేజీ దొరికింది. మన పొలం గట్ల మీద దొరికే ఒక ఆకు కషాయం నలభై రోజులు తాగితే షుగర్ మాయమవుతుందని, ఎందరికో నయమైందని ఇంగ్లీషులో రాసి ఉంది. రెండు పేజీలు ప్రింటు తీసి, పక్కన ఖాళీలో తెలుగులో అర్థం రాసి ఆయన చేతిలో పెట్టాను. వారం తర్వాత ఆయన, "గోలీలు ముడ్తలేను చెల్లె. పానం తేలిగ్గ అనిపిస్తున్నది" అని చెప్తే సంతోషపడ్డాను. ఇప్పుడు ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ నిజం అదే. సంతోషపడ్డాను.

మూడో వారంలో ఇంటర్నెట్‌లో వెతకడం నేర్పుతూ, ఉదాహరణకు ఆ పేజీనే తీసుకున్నాను. "మన సారుకు నేను వెతికిచ్చింది ఇదే. ఇట్లా కావలసింది క్షణంలో దొరుకుతుంది. మీరు కూడా వెతికి తీయండి" అని చెప్పాను. ఆ మంగళవారం సారు కుర్చీ ఖాళీగా ఉంది. శనివారం నుంచీ రాలేదు. ఏదో పెళ్లి ఉందని అంతకుముందు అన్నాడు కదా, దానికి పోయి ఉంటాడని అనుకున్నాను.

మిల్లు వాళ్ల అబ్బాయి అందరికన్నా ముందు ఆ పేజీని పట్టేశాడు. మిగిలినవాళ్లు కూడా దొరికింది దొరికిందని చేతులెత్తారు. అందరూ పేజీ మూసేసి వేరే వాటిలో పడ్డారు. పెన్‌పహాడ్ అమ్మాయి మాత్రం ఆ పేజీ దగ్గరే ఉండిపోయింది. ఆమెకు ఇంకా చదవకుండా దాటేసే అలవాటు కాలేదు. తెర మీద ఉన్న ప్రతి అక్షరం చదవాలనే అనుకునేది. తెలియని మాట వస్తే పక్కన డిక్షనరీ తెరిచేది. అరగంట తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"మేడం, గిది ఎవరు రాసిన్రు?"

"ఇంటర్నెట్‌లో ఉందమ్మా."

"ఇంటర్నెట్ల ఉంది మేడం. రాసినోళ్లు ఎవరు?"

నాకు కొంచెం చిరాకు వేసింది. "ఎవరో డాక్టర్లే రాసి ఉంటారు" అన్నాను.

"పేరు లేదు మేడం. నేను మొత్తం సదివిన. ఒక్కసారి అడుగు దాక సూడున్రి."

వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాను. ఆమె మౌసు పట్టుకుని పేజీని కిందికి జరిపింది. నేను ప్రింటు తీసిన రెండు పేజీల తర్వాత ఇంకా ఉంది. ఆ ఆకు పొడిని డబ్బాల్లో అమ్ముతామని, ఈ చిరునామాకు రాయండని పెద్దక్షరాలు. వాటి అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో రెండు వరుసలు. ఇది వైద్యం కాదు, వాడుతున్న మందులను డాక్టరును అడగకుండా మానవద్దు.

ఇంకు అయిపోతుందని నేను మూడో పేజీ ప్రింటు తీయలేదు.

"సారు గోలీలు బంద్ చేసిండా మేడం?" అని అడిగింది ఆమె. గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినపడేలా.

"చేశాడమ్మా."

"గందుకే వస్తలేడా?"

క్లాసు అయిపోయాక ఒక్కదాన్నే వెళ్లి చల్లగా చెప్పి వద్దామని మనసులో లెక్క వేసుకుంటున్నాను. నిజం చెప్పాలంటే, పిల్లల ముందు బయటపడకూడదనే ఆలోచన అది. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "ఇప్పుడే పోదాం మేడం" అంది. మిల్లు వాళ్ల అబ్బాయి ఏమైందని అడగకుండా లేచి వెంట వచ్చాడు. మిగిలినవాళ్లను అక్కడే ఉండమని చెప్పి ముగ్గురం ఆటో ఎక్కాం.

సారు వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. ఆయన భార్య, మా వదిన, గడపలోనే ఎదురైంది.

"మంచిగ వచ్చినవు. రెండు రోజుల సంది బిందెలకు బిందెలు నీళ్లు తాగుతున్నడు. గడియకోసారి బయటికి లేస్తున్నడు. ఇయ్యాల పొద్దుగాల నుంచి పండుకునే ఉన్నడు, బువ్వ గూడ తినలే. కషాయం పనిచేస్తుంటే గట్లనే ఉంటదన్నడు."

లోపల మంచం మీద సారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పిలిస్తే కళ్లు తెరిచాడు కానీ నన్ను గుర్తుపట్టినట్టు లేదు. పెదవులు ఎండిపోయి పొక్కులు లేచాయి. ఎడమ కాలికి చెప్పు కరిచిన పుండు, దాని మీద గుడ్డ కట్టి ఉంది. అమ్మాయి గుడ్డను కొంచెం తొలగించి చూసి మళ్లీ కప్పేసింది.

"మీరు డాక్టర్లేనా బిడ్డా? ఏమైందో చెప్పున్రి" అని వదిన ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంక కాలేదమ్మా. మేము కాలేజీ మొకమే సూడలే. ఏమైందో నాకు తెల్వది. కని సారును ఇప్పుడే దవాఖానకు తీస్కపోవాలె. తువ్వాల, ఆయన వాడే గోలీల చీటీ తెచ్చుకోన్రి."

మిల్లు అబ్బాయి అప్పటికే బయట నిలబడి డాక్టరుగారికి ఫోన్ చేస్తున్నాడు. ఆటో డ్రైవరూ, వాడూ కలిసి సారును ఎత్తుకుని తెచ్చారు. దారి పొడవునా ఆయన తల వాడి భుజం మీదే ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా వాడు రెండో చెయ్యి అడ్డం పెట్టాడు. తన ఇస్త్రీ చొక్కా మీద సారు వాంతి చేసుకున్నా వాడు కదల్లేదు.

దవాఖానలో వేలు గుచ్చి రక్తం చుక్క మిషన్‌లో పెట్టారు. అది అంకె చూపించలేదు. దాని లెక్కకు మించిపోయిందని 'హై' అని మాత్రం చూపించింది. సెలైన్ పెట్టారు, ఇన్సులిన్ ఎక్కించారు. కాలు విప్పి చూసి డాక్టరుగారు మొహం చిట్లించాడు.

బయటికి వచ్చి, "గోలీలు ఎందుకు ఆపిండు? ఏం తాగుతున్నడు?" అని అడిగాడు. వదిన నా వైపు చూసింది. ఆమెకు తెలుసు ఆ కాగితం ఎవరిచ్చారో. అయినా నోరు విప్పలేదు. పక్కన పిల్లలిద్దరూ నిలబడి ఉన్నారు.

"నేనే ఇచ్చాను సార్. ఇంటర్నెట్‌లో వెతికి ప్రింటు తీసిచ్చాను. ఆపినట్టు ఆయన నాతో చెప్పాడు కూడా. నేను వద్దనలేదు."

"కింద ఏమన్న రాసి ఉంటరు గద, మందులు ఆపొద్దని?"

"ఉంది సార్. మూడో పేజీలో. నేను రెండే తీశాను. ఇంకు అయిపోతుందని."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎవరు చూసిన్రు ఆ మూడో పేజీ?" అన్నాడు. నేను అమ్మాయిని చూపించాను. ఆయన ఆమెను పైనుంచి కింది దాకా చూసి, "నాలుగుసార్లు 'రాదు' అని రాసినది నువ్వేనా?" అన్నాడు. ఆమె అవునంది. "ఇంకొక్క రోజు ఆగి తెస్తే నా చేతుల ఏముండకపోవు బిడ్డా" అని లోపలికి వెళ్లిపోయాడు.

సారు బతికాడు. ఎడమ కాలి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. తెలివి వచ్చిన మూడో రోజు నేను మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. ఆయన కాసేపు ఏడవనిచ్చి, "చెల్లె, నువ్విచ్చిన కాయితంల గోలీలు ఆపమని ఏడా లేదు. నేను మల్ల మల్ల సదివిన. ఆపాలని నాకే ఉండె. నాకు కావల్సినంత వరకు నేను సదువుకున్న" అన్నాడు. ఆ మాటతో నా తప్పు సగమైంది అనుకోకండి. ఆయన పెద్దమనసు అది. ఆ రెండు వేళ్లు ఈ రోజుకీ నా లెక్కలోనే ఉన్నాయి.

ఆ మర్నాడు ఉదయం క్లాసులో తొమ్మిదిమంది ముందూ నిలబడి జరిగిందంతా చెప్పాను. ఐదేళ్ల క్రితం మా ఓనరుకు చెప్పిన అబద్ధం కూడా చెప్పాను. "నాకు టైపు బాగా వచ్చు. కంప్యూటర్ కొంత వచ్చు. ఇంటర్నెట్ మీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. నాకు రానిది వచ్చినట్టు మీకు నేర్పాను" అన్నాను.

మిల్లు వాళ్ల అబ్బాయి లేచి నిలబడ్డాడు.

"మేడం, ఆ ఫారంల నేను అబద్ధం రాసిన. మా ఆఫీసుల కంప్యూటర్ గుమాస్తా కొడ్తడు. నాకు అండ్ల పేకాట ఒక్కటే వచ్చు."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కోదాడ అమ్మాయి, "నాకు అదీ రాదండీ" అంది. ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. ఎనిమిదిమందీ అయ్యాక పెన్‌పహాడ్ అమ్మాయి ఆశ్చర్యంగా అందరి మొహాలూ చూసి, "నేనొక్కదాన్నే వెనక పడ్డనని రోజు ఇంటికాడ రాత్రి పేపరు మీద కీబోర్డు గీసుకుని కొట్టుకుంటున్న గద!" అంది.

మిగిలిన పది రోజులూ క్లాసు ఇంకో రకంగా నడిచింది. నేను పాఠం చెప్పడం మానేసి వాళ్ల పక్కన కూర్చున్నాను. ఒక జబ్బు పేరు ఇచ్చి, దాని మీద దొరికిన పేజీ ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏమైనా అమ్ముతున్నారా, అడుగున ఏముంది అని చూడాలి. అడుగు దాకా చదవకుండా చెయ్యెత్తినవాళ్లు అందరికీ టీ ఇప్పించాలి. మొదటి మూడు రోజులూ మిల్లు అబ్బాయే ఇప్పించాడు. నాలుగో రోజు నుంచి వాడు చెయ్యెత్తడమే మానేసి, గడ్డం కింద పిడికిలి పెట్టుకుని చదవసాగాడు. ఒకరోజు డాక్టరుగారు వచ్చి వెనక కూర్చుని చూసి, వెళ్తూ, "గిది నేను అడిగిన దానికన్న ఎక్కువనే నేర్పిన్రు మేడం" అన్నాడు. నేను నేర్పలేదని చెప్పాను.

ఆ తర్వాత ఆరేళ్లు ప్రతి వానాకాలం ఈ క్లాసు నడిచింది. తర్వాత్తర్వాత పిల్లలు చేతుల్లో ఫోన్లతో రావడం మొదలైంది. స్విచ్ ఎక్కడుందో చూపించే పని తప్పింది. అడుగు దాకా చదివించే పని మాత్రం ఇంకా పెరిగింది. మిల్లు వాళ్ల అబ్బాయి పిల్లల డాక్టరయ్యాడు. సారు ఇంకో ఏడేళ్లు కర్ర సాయంతో మా మెట్లెక్కి వచ్చి పిటిషన్లు కొట్టాడు, గోలీలు తప్పకుండా వేసుకున్నాడు. పెన్‌పహాడ్ అమ్మాయి చదువయ్యాక గవర్నమెంట్ దవాఖానలో చేరింది. ఎక్కడో చెప్పను. ఆమెకు ఇష్టం ఉండదు.

అయితే నాకు మరీ గుర్తుండిపోయింది, ఆ పిల్లలంతా కాలేజీలకు వెళ్లిపోయాక వచ్చిన ఒక ఉదయం.

నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది. హాలు గుమ్మంలో భుజాన తడిసిన గొంగడితో ఒకాయన నిలబడ్డాడు. చెప్పులు మెట్ల కిందే విడిచి వచ్చాడు.

"టీచరమ్మా, నేను పెన్‌పహాడ్ దిక్కు నుంచి వచ్చిన. మా బిడ్డ మీ కాడనే నేర్చుకున్నది" అన్నాడు. ఆ అమ్మాయి తండ్రి. లోపలికి రమ్మని కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మందల రోగం పడ్డదమ్మా. మూతి వాస్తున్నది, నాలుక నల్లవడ్తున్నది, మేత ముడ్తలేవు. ఇప్పటికే నాలుగు పోయినయ్. పశువుల డాక్టరు సెలవుల ఉన్నడు, ఎల్లుండి గాని రాడంట. బిడ్డకు ఫోన్ చేస్తే, మేడం కాడికి పో నాయినా, సూసి చెప్తదన్నది."

కంప్యూటర్ ముందు కూర్చుని వెతికాను. మొదట వచ్చిన పేజీలో ఎవరి పేరూ లేదు. మూసేశాను. రెండోది ఏదో పొడి అమ్మేవాళ్లది. అదీ మూసేశాను. ఆయన నా వెనకే నిలబడి తెరను చూస్తున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా సంతకం వరకే. మూడో పేజీ ఒక పశువైద్య కాలేజీలో పనిచేసే ఆయన రాసింది. పేరుంది, సంవత్సరముంది.

"దొరికిందయ్యా. చదివి చెప్తాను" అన్నాను.

"జర ఆగు టీచరమ్మా" అన్నాడాయన. "సదివే ముందుగాల గా రాసినాయనను ఒక మాట అడుగు. గీ రోగం ఏ కాలంల వస్తది, దేనితోటి వస్తది అని."

అడగడానికి ఆయన ఇక్కడ లేడని, ఈ పేజీలో ఉంటే ఉంటుందని చెప్పి, పేజీని కిందికి జరుపుతూ వెతికాను. సగం దాటాక కనిపించింది. "వానలు పడి, ముసురు పట్టి, తడి నేల మీద సన్న దోమలు లేచినప్పుడు వస్తుందట. ఆ దోమ కుడితే ఒకదాన్నుంచి ఒకదానికి పోతుందట" అని చదివి చెప్పాను.

ఆయన భుజం మీది గొంగడి తీసి మడిచి నేల మీద వేసుకుని, దాని మీద కూర్చున్నాడు.

"అయితే గొర్లను సూసినోడే రాసిండు" అన్నాడు. "ఇగ సదువు టీచరమ్మా."